పాలు మానేసిన బిడ్డ ముందు పంచాయితీ పెట్టకండి

ఏదైనా పని మొదలుపెట్టగానే చతికిలబడితే "పురిట్లోనే సంధి కొట్టింది" అంటాం. కొత్త పథకం కుంటి నడక నడుస్తుంటే పేపరువాళ్ళు "వీడని బాలారిష్టాలు" అని హెడ్డింగు పెడతారు. రెండు మాటలూ అలవాటుగా వాడేస్తాం గానీ అవి ఎక్కడినుంచి వచ్చాయో ఆలోచించం. సంధి అంటే జబ్బు ముదిరి, తెలివి తప్పి, ఒళ్ళు బిగుసుకుపోయే స్థితి. బాలారిష్టం అంటే పసితనంలోనే ప్రాణం మీదికొచ్చే గండం. పురిటి గదిలోనే బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళల్లోంచి వచ్చిన మాటలివి.

పేర్లు చూడండి. మన తాతల తరంలో ఏ ఊరు వెళ్ళినా ఒక పెంటయ్య, ఒక పుల్లయ్య, ఒక తవిటయ్య ఉండేవారు. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, ఈ బిడ్డయినా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. ఎంగిలి విస్తరాకులో వేసి తీసుకుంటే పుల్లయ్య, పుల్లమ్మ. చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేస్తే తవిటయ్య, తవిటమ్మ. ఈ బిడ్డకి విలువ లేదు, దీన్ని వదిలెయ్యి అని మృత్యువుని బతిమాలుకున్న పేర్లు అవి. ఒక్కో పేరు వెనకాల, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చంటిపిల్లల విషయంలో ఏ జాగ్రత్త చెప్పినా మన ఇళ్ళల్లో ఒక మాట ఎదురొస్తుంది. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మేం పెంచలేదా? మీరు బతకలేదా?" ఈసారి ఆ మాట అన్న పెద్దావిడ పక్కన కూర్చుని మెల్లగా అడగండి. "మామ్మా, నీకు ఎంతమంది పుట్టారు? ఎంతమంది మిగిలారు?" రెండు లెక్కలకీ తేడా ఉంటుంది. "ఒకడు పదో రోజున పోయాడే. పాలు తాగడం మానేశాడు, పక్షి తగిలిందన్నారు" అంటుంది. ఆ కంట్లో నీళ్ళు ఇప్పటికీ ఆరవు. బతికినవాళ్ళమే కూర్చుని "మేం బతకలేదా" అనుకుంటాం గానీ, పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు కదండీ.

పాలు మానేసి, చల్లబడి, రెండు రోజుల్లో పోయిన అలాంటి బిడ్డల్లో ఎంతోమందికి వచ్చింది ఇవాళ డాక్టర్లు సెప్సిస్ అనే జబ్బు. క్రిములు ఒంట్లో చేరి, రక్తంలో పాకి, వాటితో పోరాడే తొక్కిసలాటలో బిడ్డ అవయవాలే దెబ్బతినే స్థితి అది. పెద్దవాళ్ళకి జ్వరమొచ్చి, వణికి, మూలిగి, నాలుగు రోజులు గడిచాక ముదిరితే, పసికందుకి అంత వ్యవధి ఉండదు. ఒంట్లో కాపలా ఇంకా తయారే కాలేదు. పొద్దున్న పాలు వదిలేసిన బిడ్డ రాత్రికి చేతుల్లోంచి జారిపోవచ్చు.

అందుకే ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. నెల లోపు బిడ్డ పాలు మానేస్తే, ఆ క్షణం నుంచి అది ఆసుపత్రి విషయం. ఇంటి విషయం కాదు. ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం తల్లిది. ఆమె అనుమానపడితే చాలు. అక్కడ ఓటింగు ఉండకూడదు.

ఎందుకింత కచ్చితంగా అంటున్నానో ఒక ఇంటి సంగతి చెబుతాను. మూడేళ్ళ కిందట మా వీధిలో ఒకమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. కాన్పు ఆసుపత్రిలోనే సుఖంగా అయింది. తొమ్మిదో రోజు పొద్దున్న బిడ్డ రొమ్ము పట్టలేదు. "రాత్రి బాగా తాగాడుగా, పొట్ట నిండి ఉంటుంది" అన్నారు. పది గంటలకీ పట్టలేదు. "నిన్న చూడ్డానికొచ్చినావిడ కన్ను మంచిది కాదు" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చారు. మధ్యాహ్నం వియ్యపురాలికి ఫోను చేస్తే ఆవిడ, "ఎల్లుండి పదకొండో రోజు, పురుడు. ఈలోగా బాలింతనీ బిడ్డనీ గడప దాటించకండి వదినగారూ, రేపు మేం వస్తున్నాం, వచ్చాక చూద్దాం" అంది. అల్లుడు హైదరాబాదులో మీటింగులో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు.

నేను వెళ్ళేసరికి సాయంత్రం నాలుగు. ఆ పిల్ల నన్ను చూసి ఒకే మాట అంది. "పిన్నీ, వీడు పొద్దుట్నించీ ఏడవలేదు." బిడ్డ పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే అదీ చల్లగానే ఉంది. తలుపులు బిగించిన గది, సాంబ్రాణి పొగ, పైన రెండు దుప్పట్లు. ఇల్లంతా కలిపి తొమ్మిదిమంది పెద్దలున్నారు. అందరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంది. బిడ్డ ఏడవలేదన్న మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. నేను "పద, ఆటో పిలుస్తాను" అన్నాను. ఆ పిల్ల లేచి చెప్పులేసుకుంది. బిడ్డని గుండెకి ఆనించుకుని పైన కొంగు కప్పుకుని ఆటో ఎక్కింది. ఎక్కుతుంటే వెనకనుంచి ఎవరో "మంచిది కాదే" అంటూనే ఉన్నారు.

రాజమండ్రిలో పిల్లల డాక్టరు చూస్తూనే రక్తం తీయించి, ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. సెప్సిస్ అన్నారు. పధ్నాలుగు రోజులు ఉంచారు. వాడికి ఇప్పుడు మూడేళ్ళు, మా పెరట్లో జామపిందెలు ఒక్కటి మిగల్చడు. ఇంటికి తీసుకొచ్చిన రోజున వాళ్ళ నాన్నమ్మ ఏమందో తెలుసా? "దిష్టి తీయించాం, మొక్కుకున్నాం, అందుకే దక్కాడు. గడప దాటించింది మాత్రం తప్పే."

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదండీ. అందరికీ బిడ్డ మీద ప్రేమే. ఆ ప్రేమే ఎనిమిది గంటలు తినేసింది. నా కోపం మనుషుల మీద కాదు, ఆ ఎనిమిది గంటల మీద.

మన ఇళ్ళల్లో గొడవ చేసే జబ్బుని గుర్తుపడతాం. గుక్కపట్టి ఏడిస్తే ఇల్లంతా లేస్తుంది. కడుపునొప్పి అంటాం, వాము అంటాం, ఆముదం అంటాం. నిశ్శబ్దంగా వచ్చే జబ్బుకి మాత్రం మనం బిరుదు ఇస్తాం. "బుద్ధిమంతుడు, అసలు ఏడవడు, ఎంతసేపైనా పడుకుంటాడు." సెప్సిస్ ఎక్కువసార్లు అలాగే వస్తుంది, అల్లరి చెయ్యకుండా.

కాబట్టి గుర్తులు చెప్పుకుందాం. నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము పట్టకపోవడం, పట్టినా చప్పరించే ఓపిక లేకపోవడం మొదటి గుర్తు. నిద్ర వేరు, సోలిపోవడం వేరు. బట్టలు వదులు చేసి, అరికాలు నిమిరితే నిద్రపోతున్న బిడ్డ ముడుచుకుంటుంది, చిరాకు పడుతుంది, పాలకి వెతుక్కుంటుంది. సోలిపోయిన బిడ్డ కదిపితేనే కదులుతుంది, లేకపోతే గుడ్డలా పడి ఉంటుంది. ఊపిరి చూడండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 60, అంతకన్నా ఎక్కువ ఉంటే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే బయలుదేరడమే. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, మూలుగు వినిపిస్తున్నా అంతే.

ఒంటి వేడి విషయంలో మనకి సగమే తెలుసు. వేడిగా ఉంటేనే జబ్బనుకుంటాం. థర్మామీటరు 37.5 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 99.5 దాటినా ప్రమాదమే, 35.5 కంటే, అంటే 95.9 కంటే తగ్గినా ప్రమాదమే. పసికందు చల్లబడటం జ్వరం లేకపోవడం కాదు, జ్వరం కన్నా పెద్ద హెచ్చరిక కావచ్చు. ఫిట్స్, అంటే చెయ్యో కాలో కొట్టుకోవడం, కళ్ళు ఒకవైపు తిరిగిపోవడం, మాడు ఉబ్బడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం, ఒంటి మీద చీము పొక్కులు, పసిరికలు అరచేతులూ అరికాళ్ళ దాకా పాకడం, ఇవన్నీ ఆలోచించడానికి కాదు, బయల్దేరడానికి గుర్తులు. అన్నీ కలిసి రానక్కర్లేదు. ఒక్కటి చాలు.

ఇక మన అడ్డంకుల సంగతికొద్దాం. దిష్టి మీద నాకు పగ లేదు. నేనూ తీస్తాను, అన్నప్రాశనకీ తీస్తాను, పుట్టినరోజుకీ తీస్తాను. కానీ దిష్టికి తొందరేముంది? ఆసుపత్రి నుంచి వచ్చాక గుమ్మంలో నిలబెట్టి గుమ్మడికాయ కొట్టండి, ఎవరు వద్దన్నారు? పాలు మానేసిన బిడ్డకి ముందు దిష్టి తీసి "చూద్దాం" అన్నారే, ఆ చూద్దాం దగ్గరే నా పేచీ. తాయెత్తుకీ అంతే. పక్షి తగిలిందని మెడలో కట్టించేవాడి దగ్గరికి పోయే దారిలోనే పిల్లల డాక్టరు బోర్డు ఉంటుంది.

గడప సంగతి. పురుడు కాకుండా బాలింత బయటికి రాకూడదన్న నియమం, ఆలోచిస్తే, మంచికే పుట్టి ఉంటుంది. బాలింతకి విశ్రాంతి, పసికందుకి నలుగురి అంటూ తగలకుండా కాపు. ఆ లెక్కన నియమం ఉన్నది బిడ్డ కోసం. బిడ్డ ప్రాణం పోతుంటే నియమాన్ని కాపాడటం ఏం ధర్మం? పైగా అదే నియమాన్ని మనం తలకిందులుగా పాటిస్తున్నాం. బిడ్డ బయటికి పోకూడదు గానీ, వీధివీధంతా లోపలికి రావచ్చు, ఎత్తుకోవచ్చు, బుగ్గ మీద ముద్దు పెట్టొచ్చు. కాపు ఎక్కడుందండీ ఇందులో?

ఇంకో మాట, చెప్పడానికి బాధగా ఉంది. మగపిల్లాడు నలతపడితే కారు మాట్లాడతారు. ఆడపిల్లయితే "రేపు చూద్దాంలే, ఆడపిల్లలు గట్టివాళ్ళు" అంటారు. మన దేశంలో జబ్బు చేసిన పసికందుల వార్డుల్లో చేరేవాళ్ళలో ఆడపిల్లలు తక్కువగా ఉంటున్నారని లెక్కలే చెబుతున్నాయి. వాళ్ళకి జబ్బులు తక్కువని కాదు, వాళ్ళ కోసం బండి కదలదని.

మన రాజమండ్రి పేరు చెప్పగానే కందుకూరి వీరేశలింగంగారు గుర్తొస్తారు. 1874లో "వివేకవర్ధని" పెట్టి, మూఢాచారాల మీద విరుచుకుపడ్డ మనిషి. ఆ మహానుభావుడి విగ్రహానికి దండలు వేస్తాం, పిల్లల చేత వ్యాసాలు రాయిస్తాం. నూట యాభై ఏళ్ళు గడిచినా, అదే ఊరి చుట్టుపక్కల ఇళ్ళల్లో బిడ్డ చల్లబడితే మిరపకాయల ఘాటుని బట్టి వైద్యం తేలుస్తున్నాం. దండ వెయ్యడం తేలికే.

ఈ జబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం ఆపగలం. పుట్టిన మూడు రోజుల్లోపు వచ్చేది ఎక్కువగా తల్లి దగ్గరనుంచి, కాన్పు సమయంలో వస్తుంది. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, కాన్పప్పుడు తల్లికి జ్వరం ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా, బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ ఉన్నా భయం ఎక్కువ. అందుకే ఉమ్మనీరు పోతే "నొప్పులు రానీ, వెళదాం" అని ఆగకూడదు. ఎన్నింటికి పోయిందో డాక్టరుకి కచ్చితంగా చెప్పాలి.

మూడు రోజులు దాటాక వచ్చేది ఎక్కువగా చుట్టూ ఉన్న చేతులనుంచి. మన చేతులనుంచి. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె, పౌడరు వేయడం మానండి. ఏమీ రాయకుండా పొడిగా వదిలేస్తే బొడ్డు దానంతట అదే రాలుతుంది. వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె చుక్క, పంచదార నీళ్ళు, ఉగ్గుగిన్నెతో ఆముదం, ఇవన్నీ నోటిగుండా క్రిములకి దారి. చంటిపిల్లల రొమ్ములు కొంచెం ఉబ్బితే పిండి పాలు తీసే అలవాటు ఇంకా ఉంది. అది పుండై, చీము పట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ముక్కులో నూనె ఊదడం సరేసరి. మొదటి రోజే తలంటు అక్కర్లేదు, కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆపైన ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. కోత పెట్టారు కదా, తల్లి లేవలేదు కదా అని ముర్రుపాలు వాయిదా వేసి డబ్బా పాలు పట్టేస్తున్నాం. తల్లి పడుకునే ఉన్నా పక్కనున్నవాళ్ళు బిడ్డని రొమ్ముకి అందించవచ్చు. అందుకే కదా మనం అంతమందిమి ఆసుపత్రికి వెళ్ళేది!

చేతులు కడుక్కోమంటే మొహం మాడ్చుకునే చుట్టాలకి ఒక కథ చెప్పండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు జ్వరాలతో చచ్చిపోతున్నారని గ్రహించాడు. సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. కానీ చాలామంది పెద్ద డాక్టర్లకి కోపం వచ్చింది, మా చేతులు మురికివా అని. చేతులు కడుక్కోమంటే అవమానం అనుకునే గుణం మన చుట్టాలది మాత్రమే కాదన్నమాట. మీకు కోపం వస్తే రానివ్వండి. కడుక్కున్నాకే బిడ్డని ఇవ్వండి.

ఇక్కడ నాకు ఎదురొచ్చే వాదన ఒకటుంది, అందులో న్యాయం ఉంది కూడా. "ఆసుపత్రికి తీసుకెళితే బాక్సులో పెట్టేస్తారు, లక్షలు గుంజుతారు, లేని జబ్బు అంటగడతారు." అలాంటి చోట్లు లేవని నేను అనను. ఆసుపత్రిలోనే అంటుకునే క్రిములూ ఉన్నాయి. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టి, అక్కడి ఐసీయూల్లో చేరిన 13 వేల పైచిలుకు బిడ్డల్ని గమనించి 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అందులో నూటికి 14 మందికి సెప్సిస్ కనబడింది. చాలా క్రిములు మామూలు మందులకి లొంగనివి. అంటే ఆసుపత్రులు కూడా ముందు చేతులు కడుక్కోవాలి. ఈ మాట గట్టిగా అడగాల్సింది మనమే.

కానీ దానికి మందు ఇంట్లో కూర్చోవడం కాదు. వెళ్ళి, ప్రశ్నలు అడగడం. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు రక్తం కల్చర్‌కి తీశారా? ఏ మందు ఇస్తున్నారు? ఎన్ని రోజులు? కల్చర్‌లో ఏమొచ్చింది? ఈ నాలుగూ అడగడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. డాక్టరు అంతవరకూ ఆగకుండా ఆంపిసిలిన్, జెంటామైసిన్ లాంటి మందులు మొదలుపెడితే అది మోసం కాదు, ఆగితే బిడ్డ ఉండదని. ఫలితాన్ని బట్టి, బిడ్డ తీరుని బట్టి ఆపడమో, మార్చడమో, కొనసాగించడమో చేస్తారు. క్రిమి దొరికితే పది, పధ్నాలుగు రోజులు, మెదడు పొరలకి పాకితే మూడు వారాలు కూడా పట్టొచ్చు. మూడో రోజుకి బిడ్డ పాలు తాగుతోందని "ఇంకెందుకు, పంపెయ్యండి" అని సంతకం పెట్టి తెచ్చేసుకునేవాళ్ళని చూశాను. తలుపు తెరిచి దొంగని మళ్ళీ పిలిచినట్టే అది. అలాగే వీధి చివర ఆరెంపీ దగ్గర ఒక సూది, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు, ఇవీ సెప్సిస్‌కి వైద్యం కావు. జబ్బుని కాస్త కప్పిపెట్టి, క్రిమిని మొండిదాన్ని చేస్తాయి.

డబ్బు భయం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కాకినాడలో, రాజమండ్రిలో, ఏలూరులో జబ్బు చేసిన నవజాత శిశువులకి ప్రత్యేక వార్డులున్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ పసిబిడ్డకి మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. అది మన హక్కు, దానం కాదు. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. "ప్రభుత్వాసుపత్రికా, మనమా?" అనే పరువు మాట ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టండి.

గడ్చిరోలి పేరు విన్నారా? మహారాష్ట్రలో, తెలంగాణకి ఆనుకుని ఉన్న అడవి జిల్లా. మన గోదావరి మన దాకా రాకముందు ఆ జిల్లా అంచు తాకుతూనే వస్తుంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చారు. ఏదో నాలుగు తరగతులు చదువుకున్నవాళ్ళు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి చంటిబిడ్డల ఊపిరి లెక్కపెట్టారు, వేడి చూశారు, సెప్సిస్ గుర్తుపట్టారు, తల్లిదండ్రులు ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోతే జెంటామైసిన్ సూది కూడా వేశారు. ఆ పల్లెల్లో నెలలోపు శిశు మరణాలు, ఈ పని జరగని పక్క పల్లెలతో పోలిస్తే, మూడో ఏడాదికి నూటికి 62 వంతులు తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక దాన్ని అచ్చువేసింది.

ఆ దారిలోనే 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వస్తున్నారు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. మరి మనం ఏం చేస్తున్నాం? ప్రైవేటులో పురుడు పోసుకున్నాం, మాకు ఆశా ఎందుకు అని గుమ్మంలోంచే పంపేస్తున్నాం. సంతకం పెట్టి పంపేసినవాళ్ళూ ఉన్నారు. అడవిలో నాలుగు తరగతులు చదివిన ఆడమనిషి గుర్తుపట్టిన జబ్బుని, డిగ్రీలు గోడకి తగిలించుకున్న మన హాల్లో గుర్తుపట్టలేకపోతున్నాం. లోపం చదువులో లేదు. తల్లి మాటకి ఇంట్లో ఉన్న విలువలో ఉంది. ఆశాని లోపలికి పిలవండి. బరువు తూయించండి. మా బిడ్డ ఊపిరి లెక్కపెట్టమ్మా అని అడగండి.

ఆసుపత్రులకీ ఒక మాట. మన రాష్ట్రంలో ఇప్పుడు నూటికి 96 కాన్పులకి పైగా ఆసుపత్రుల్లోనే అవుతున్నాయని అదే సర్వే చెబుతోంది. సంతోషం. కానీ మూడో రోజో ఐదో రోజో ఫైలూ బిల్లూ చేతిలో పెట్టి పంపేటప్పుడు, ఈ ప్రమాద సూచనల కాగితం ఒకటి తెలుగులో పెద్దక్షరాలతో ఇస్తున్నారా? ఇచ్చినా, తల్లికొక్కదానికే కాకుండా పక్కనున్న అత్తగారికీ, అమ్మకీ, భర్తకీ కూర్చోబెట్టి చెబుతున్నారా? నిర్ణయాలు చేసేది వాళ్ళయినప్పుడు చెప్పాల్సింది వాళ్ళకే కదా.

లంక ఊళ్ళవాళ్ళకి ఇంకో కష్టం ఉంది. 2022 జూలై వరదలో కోనసీమ లంకలు ఎలా మునిగాయో చూశాం. పడవ దొరికితేనే రోడ్డు, రోడ్డు దొరికితేనే ఆసుపత్రి. గోదావరి పెరిగే నెలల్లో కాన్పు తేదీ ఉంటే, పురుడు అయిన తరువాత కూడా నెల రోజులు గట్టుకి ఇవతల, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చుట్టాలింట్లో ఉండేలా ముందే చూసుకోండి. వెళ్ళేదారిలో బిడ్డని తల్లి గుండెకి నేరుగా ఆనించి, తలకి టోపీ పెట్టి, పైన బట్ట కప్పాలి. తాగగలిగితే రొమ్ము ఇస్తూ ఉండాలి. మింగలేని బిడ్డ నోట్లో ఏదీ పోయకూడదు.

ఇది జరగని పని అంటారా? మన కళ్ళముందే ఒకటి జరిగింది. బొడ్డు కోసిన మురికి కత్తి వల్ల వచ్చే ధనుర్వాతం ఎందరు పసికందుల్ని బలి తీసుకునేదో పాతతరం వాళ్ళకి తెలుసు. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. తాయెత్తుల వల్ల కాదు. గర్భిణులకి రెండు టీకాల వల్ల, శుభ్రమైన చేతుల వల్ల, శుభ్రమైన బ్లేడు వల్ల. అదొక బాలారిష్టం, దాన్ని దాటాం. ఇదీ దాటగలం.

అత్తగార్లూ, అమ్మలూ, మీ అనుభవం మాకు కావాలి. బాలింతకి పథ్యం చెప్పండి, నడుం కట్టండి, రాత్రిళ్ళు బిడ్డని చూసుకుని కాసేపు నిద్రపోనివ్వండి. ఆ సాయం ఏ ఆసుపత్రీ చెయ్యలేదు. కానీ కోడలో కూతురో "బిడ్డ పాలు తాగట్లేదు, నాకు భయంగా ఉంది" అంటే, ఆ మాట మీద చర్చ పెట్టకండి. నాన్నల సంగతి, ఆ నెల రోజులూ ఫోను సైలెంటులో పెట్టకండి. పెళ్ళాం "వెళుతున్నాను" అంటే "ఎక్కడికి" అని మాత్రమే అడగండి, "ఎందుకు" అని కాదు. బాలింతలైన అమ్మాయిలూ, మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 108 నంబరూ, పిల్లల డాక్టరు నంబరూ మీ ఫోనులోనే ఉండాలి, ఆటో డబ్బులు మీ దిండు కిందే ఉండాలి. వెళ్ళి చూపించాక ఏమీ లేదని డాక్టరు పంపిస్తే, నలుగురూ "అనవసరంగా హడావిడి చేసింది" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు వినడానికి బిడ్డ ఒళ్ళో ఉంటుంది.